వాల్వు మార్చాక మా ఇంట్లో

మా ఆవిడకు గుండెలో వాల్వు మార్చి ఏడాది దాటింది. ఎన్ని గంటలు పట్టింది, ఏ డాక్టరు చేశారు, ఎంతయింది అని ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. ఆ తర్వాత మూడు నెలలు ఇల్లు ఎలా నడిచిందని అడిగినవాళ్ళు మాత్రం తక్కువ. నాకు చెప్పాలని ఉన్నది ఆ సంగతే. నల్లగొండ గడియారం సెంటరుకు దగ్గర్లో నాకు చిన్న జిరాక్సు, బైండింగు షాపు ఉంది. ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఇద్దరం రెక్కాడితే గాని డొక్కాడని వాళ్ళమే. అలాంటి ఇంట్లో ఒకరు మంచం పట్టి, రెండోవారు ఆ మంచం పక్కనే కూర్చుంటే పొయ్యి వెలిగించడానికి మూడో మనిషి కావాలి. ఆ మూడో మనుషుల గురించే ఇది.

ముందు జబ్బు సంగతి. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు. చిన్నప్పుడు జ్వరం వచ్చి మోకాళ్ళు, మోచేతులు వాచాయట. ఒక కీలు తగ్గితే ఇంకో కీలు పట్టుకునేదట. మా జిల్లాలో, అందులోనూ ఆ మండలంలో, కీళ్ళ నొప్పి అంటే ఎవరికైనా ముందు తోచేది నీళ్ళలోని ఫ్లోరైడే. నీళ్ళను తిట్టుకుని ఊరుకున్నారు. పెళ్ళయ్యాక రెండో కాన్పులో మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. రక్తం తక్కువగా ఉందన్నారు. అసలు సంగతి ఎకో పరీక్షలో బయటపడింది. ఫ్లోరైడుకూ దీనికీ సంబంధం లేదని, చిన్నప్పటి గొంతు ఇన్‌ఫెక్షన్ వల్ల రుమాటిక్ జ్వరం వచ్చి, అది కీళ్ళను వదిలినా గుండెను వదల్లేదని డాక్టరు చెప్పారు. గుండెకు ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మిట్రల్ వాల్వు ఏళ్ళ తరబడి దళసరెక్కుతూ, రక్తం పోయే దారి సన్నబడిపోయింది. ఆ గొంతు నొప్పికి సకాలంలో పెన్సిలిన్ పడి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదట. ఇప్పుడు మా వీధిలో ఏ పిల్లవాడు గొంతు నొప్పి అన్నా మా ఆవిడ ఊరుకోదు, వాళ్ళమ్మను డాక్టరు దగ్గరికి తరిమే దాకా వదలదు.

కొందరికి తొడ దగ్గరి రక్తనాళంలోంచి బెలూను పంపి వాల్వును వెడల్పు చేస్తారు, కోత ఉండదు. మాకు ఆ దారి లేకపోయింది. వాల్వు మీద సున్నం పేరుకుంది, లీకు కూడా ఉంది, మార్చాల్సిందే అన్నారు. మార్చేవాటిలో రెండు రకాలు. జంతువుల కణజాలంతో చేసింది పెడితే రక్తం పలచబడే మందు జీవితాంతం అక్కర్లేదు గాని, పది పదిహేనేళ్ళకు అరిగిపోవచ్చు. వయసు తక్కువైతే ఇంకా ముందే. లోహపుది అరగదు గాని రోజూ మాత్ర వేసుకోవాలి, రక్త పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. నలభైల్లో ఉన్న మనిషి కాబట్టి రెండోదే మేలన్నారు. మా ఆవిడ డాక్టరును ఒక్కటే అడిగింది: "నాకు రోజూ సూది గుచ్చుకుంటూనే ఉంటుంది సార్, రక్తం ఆగదా మరి?" కాసేపు ఒత్తి పట్టుకుంటే ఆగుతుందని, కత్తెరతో మాత్రం జాగ్రత్తని ఆయన చెప్పారు. వేలికి అంగుస్తానా పెట్టుకోమని నేను పాతికేళ్ళుగా చెబుతున్నాను. డాక్టరు చెప్పాక పెట్టుకుంది.

ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద జరిగింది. 2007 ఏప్రిల్‌లో ఆ పథకాన్ని మొదట మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మా వదిన, అంటే మా ఆవిడ అక్క, వాళ్ళది జడ్చర్ల. "మా జిల్లా వాళ్ళకు దీని సంగతి మీకన్నా ముందే తెలుసు" అంటూ కాగితాల పని ఆమె కొడుకు నెత్తిన వేసుకున్నాడు. 2023 డిసెంబరులో పరిమితిని పది లక్షలకు పెంచారు కాబట్టి డబ్బు మీద గండం రాలేదు. అనుమతి వచ్చే లోపు పళ్ళ డాక్టరుకు చూపించుకు రమ్మన్నారు. గుండెకూ పంటికీ ఏమిటి సంబంధమని మాకు విడ్డూరం. పుచ్చిన పంటిలోని క్రిములు రక్తంలో కలిసి కొత్త వాల్వును పట్టుకుంటాయట. ఒక దవడ పన్ను పీకించుకున్నాకే తారీఖు ఇచ్చారు.

రక్తం ఇవ్వడానికి మనుషులు కావాలన్నారు. మా బావమరిది తెల్లవారుజామున ఒక జీపు నిండా కుర్రాళ్ళను ఎక్కించుకుని హైదరాబాదు వచ్చేశాడు. ముందు రాత్రి కల్లు తాగి వచ్చిన ఒకతన్ని బ్లడ్ బ్యాంకు వాళ్ళు వెనక్కి పంపారు. పాపం, అతను సిగ్గుపడి సాయంత్రం దాకా మాకు టీలూ టిఫిన్లూ మోస్తూనే ఉన్నాడు.

సరిగ్గా పెళ్ళిళ్ళ రోజుల్లో తారీఖు పడింది. ఇంట్లో కత్తిరించి పెట్టిన జాకెట్లు గుట్టగా ఉన్నాయి. కొన్నిటికి చేతులు అతికించాలి, కొన్నిటికి హుక్కులు కుట్టాలి, ఒక పెళ్ళికూతురి జాకెట్టుకు మగ్గం పని చేయించుకొచ్చి అలాగే పెట్టింది. మా వీధిలోనే ఇంకో టైలరమ్మ ఉంది. ఇద్దరికీ ఏళ్ళుగా పోటీ. ఒకరి గిరాకీ ఇంకొకరి గుమ్మం తొక్కితే ఆ రోజు ఎడమొహం పెడమొహం. ఆమె ఒక సాయంత్రం సంచులు పట్టుకుని వచ్చి, కొలతల పుస్తకం అడిగి, అన్నీ మోసుకుపోయింది. తర్వాత కుట్టుకూలి లెక్క రాసిన చీటీతో సహా డబ్బు తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టింది. తీసుకోనంటే ఆమె అన్న మాట ఇది: "జాకెట్లు నా పేరు చెప్పి ఇవ్వలేదత్తమ్మా, మీ కోడలి పేరు మీదే ఇచ్చాను. నాకెట్లా వస్తుంది?"

ఆసుపత్రి రోజుల గురించి ఎక్కువ రాయను. గుండెను ఆపి, రక్తం తిప్పే పని ఒక యంత్రానికి అప్పజెప్పి, రొమ్ము ఎముకను నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగిస్తారు. సంతకం పెట్టేటప్పుడు ఇదంతా వివరంగా చెబుతారు. వినకపోయినా బాగుండేది. ఐసీయూలో ఊపిరి గొట్టం తీశాక ఆమె గొంతు బొంగురుగా ఉంది. నన్ను చూసి అడిగిన మొదటి మాట పెళ్ళికూతురి జాకెట్టు గురించే. ఇచ్చేశారని చెబితే కళ్ళు మూసుకుంది.

వార్డుకు తెచ్చాక రెండు పనులు. మూడు గోళీలున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇస్తారు. గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరి లోపలికి పీలిస్తే గోళీలు పైకి లేస్తాయి. ఊపిరితిత్తుల్లో కఫం చేరకుండా గంట గంటకూ చేయాలి. అందరూ మొదట ఊదుతారు, అప్పుడు గోళీ కదలదు. రెండోది, దగ్గు వస్తే దిండును రెండు చేతులతో ఎదకు గట్టిగా హత్తుకుని దగ్గాలి, లేకపోతే కోసిన ఎముక దగ్గర ప్రాణం పోయినంత పని అవుతుంది. కట్టు మార్చేటప్పుడు నర్సమ్మ ఫోనులో ఫొటో తీసి గాయం చూపించింది. మా ఆవిడ దాన్ని పెద్దది చేసి చాలాసేపు పరిశీలించింది. "దారం పైకి కనపడకుండా కుట్టారు. హెమ్మింగ్ వచ్చినవాళ్ళే" అంది. ఆపరేషన్ అయ్యాక నేను నవ్వింది అప్పుడే.

ఇంటికి వచ్చే దారిలో చౌటుప్పల్‌లో ఒకసారి, చిట్యాలలో ఒకసారి కారు ఆపి నాలుగడుగులు నడిపించాం. నార్కట్‌పల్లి దగ్గర మలుపు తిరిగాక వచ్చిన ప్రతి స్పీడ్ బ్రేకరునూ ముందే చెప్పేవాణ్ణి, ఆమె దిండు హత్తుకునేది. ఈ దారిలో ఇన్ని ఉన్నాయని అంతకుముందు నాకు తెలియదు.

ఇక ఇల్లు. రొమ్ము ఎముక అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్ళూ రెండు మూడు కిలోలకు మించి ఎత్తకూడదు, తలుపు గట్టిగా లాగకూడదు, చేతులు ఊని లేవకూడదు, రెండు చేతులూ తల మీదికి ఎత్తకూడదు. వినడానికి సులువుగానే ఉంటుంది. మంచం మీదినుంచి చేతులు ఊనకుండా లేచి చూడండి! మోకాళ్ళు మడిచి, ఒళ్ళంతా ఒకేసారి పక్కకు దొర్లి, కాళ్ళు కిందికి జార్చి, వెనకనుంచి ఒకరు భుజాల కింద చేయి వేస్తే లేవాలి. మాది నేల మీద కూర్చునే మరుగుదొడ్డి. కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. ఈ సంగతి ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు. మా కుడి పక్కింటివాళ్ళ దగ్గర, వాళ్ళ నాన్నగారు వాడిన కమోడు కుర్చీ ఉంది. మేము నోరు తెరవకముందే కడిగి, ఎండబెట్టి తెచ్చిపెట్టారు. పట్టు చీర పెట్టినా అంత సంతోషించేది కాదు మా ఆవిడ.

నైటీ తల మీదినుంచి వేసుకోవాలి, చేతులు లేవవు. పోటీ టైలరమ్మే ముందువైపు గుండీలు పెట్టి నైటీలు కుట్టింది. జుట్టు దువ్వుకోవడానికీ చేతులు లేవవు. మా అమ్మాయి రోజూ నూనె రాసి జడ వేసేది. పరీక్షలని దాన్ని హాస్టలుకు పంపాక ఆ పని నా మీద పడింది. అమ్మ వేళ్ళు వాతంతో వంకరపోయాయి, ఆమె వల్ల కాదు. మూడు పాయలు ఒకే లావుగా తీయడం వినడానికి ఏమంత పని అనిపిస్తుంది. నా జడ ఎప్పుడూ ఎడమకు తిరిగేది. అద్దంలో చూసుకుని మా ఆవిడ, "పుస్తకం బైండింగులో ఇంత వంకర ఉంటే గిరాకీ ఊరుకుంటాడా?" అనేది. విప్పి మళ్ళీ వేసేవాణ్ణి.

పరామర్శల గురించి రాయకపోతే ఈ రాత పూర్తి కాదు. నల్లగొండలో రోగిని చూడటానికి వచ్చేవాళ్ళ చేతిలో బత్తాయిల సంచి ఉంటుంది. చుట్టూ తోటలే, మార్కెట్టూ ఇక్కడే. మా వరండాలో సంచులు వరసకట్టాయి. వచ్చినవాళ్ళంతా రసం పిండి తాగించమనేవాళ్ళు. ఆమెకేమో ఒంట్లో నీరు చేరకుండా రోజుకు ఒకటిన్నర లీటరు మించకూడదన్నారు. అందులో నీళ్ళు, టీ, మజ్జిగ, పప్పుచారు, రసం అన్నీ కలిసే. మా అమ్మ చదువుకోలేదు గాని లెక్కకు ఆమెను మించినవాళ్ళు లేరు. పొద్దున ఒకటిన్నర లీటరు సీసా నిండా నీళ్ళు పట్టి కిటికీలో పెట్టేది. కోడలు టీ తాగితే అదే గ్లాసుతో గ్లాసెడు నీళ్ళు సీసాలోంచి తీసి తులసికి పోసేది. సీసా ఖాళీ అయితే ఆ రోజుకు ఇక లేదు. బత్తాయిలన్నీ వీధి పిల్లలకు పంచింది.

పరామర్శకు వచ్చినవాళ్ళకు పండ్లతో పాటు కథలు కూడా ఉంటాయి. ఇదే ఆపరేషన్ అయిన ఎవరో ఆర్నెల్లకు పోయారని ఒకరు, అప్పు తీరక భూమి అమ్ముకున్నారని ఒకరు. మనసులో చెడు ఉండి కాదు, ఊరికే కూర్చోలేక. నాలుగు మాటలు విన్నాక మా ఆవిడ ముఖం పాలిపోయేది. జనం ఎక్కువైతే ఇన్‌ఫెక్షన్ భయం కూడా. మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నులక మంచం వేసుకుని కూర్చుంది. ఎవరొచ్చినా, "బిడ్డకు ఇప్పుడే కునుకు పట్టింది, ఇక్కడే కూర్చోండి" అని అక్కడే మాట్లాడి, అక్కడే మంచినీళ్ళు ఇచ్చి పంపేది. చుట్టాలు కొందరు నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి. కూరగాయలు తరిగి ఇచ్చిపోయినవాళ్ళను, బట్టలు ఉతికి ఆరేసిపోయినవాళ్ళను అమ్మ ఎప్పుడూ ఆపలేదు. నా షాపు సంగతి చూడండి. పక్కనున్న పాన్ డబ్బా అతను, ఎన్‌జీ కాలేజీ పిల్లల పరీక్షల గిరాకీ పోతుందని, తనే జిరాక్సు మిషను నడిపి డబ్బులు రోజూ రాత్రి ఇంటికి తెచ్చిచ్చాడు. అతను మా ఆవిడను పరామర్శించనే లేదు. గేటు దగ్గరినుంచే వెళ్ళిపోయేవాడు.

ఉప్పు తగ్గించాలి, పచ్చళ్ళు మానాలి. మా అమ్మకు మామిడికాయ పచ్చడి లేనిది ముద్ద దిగదు. అయినా కోడలి ముందు కూర్చుని ఆ చప్పిడి పప్పే తినేది. జాడీ మాత్రం అటక మీదికి చేరింది. రాత్రి ఆలస్యంగా వస్తే నాకు రహస్యంగా ఒక చెంచాడు దొరికేది.

కొన్నాళ్ళకు, ఒళ్ళు తేరుకుంటున్న సమయంలోనే, మా ఆవిడకు ఏడుపు మొదలైంది. కారణం ఉండదు. అన్నం ముందు కూర్చుని ఏడ్చేది. గుండె ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామందికి ఇలా అవుతుందని, మెల్లగా తగ్గుతుందని, తగ్గకపోతే తీసుకురమ్మని డాక్టరు చెప్పారు. ధైర్యంగా ఉండమని నేను చెప్పిన కొద్దీ ఎక్కువయ్యేది. జడ్చర్లనుంచి వదిన వచ్చింది. ఏ ఓదార్పూ చెప్పలేదు. సంచీలోంచి అనుపకాయలు చాటలో గుమ్మరించి, "చెల్లీ, ఇవి ఒలువు, నాకు కళ్ళు ఆనడం లేదు" అంది. ఒలిచేటప్పుడు చిన్నప్పటి ఊరి ముచ్చట్లు, ఎవరికో చేసిన అల్లరి. మర్నాడు చింతపండులో గింజలు తీయించింది, ఆ తర్వాత జాకెట్లకు హుక్కులు. బరువు లేని పనులన్నీ వెతికి వెతికి పెట్టింది. ఏడుపు ఎప్పుడు ఆగిందో మాకు గుర్తులేదు.

ఇప్పుడు మందు సంగతి. లోహపు వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. మోతాదు అందరికీ ఒకటి కాదు. రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ అనే పరీక్ష చేసి, మాకైతే అది రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండేటట్టు చూసి మాత్ర పెంచుతారు, తగ్గిస్తారు. తక్కువైతే గడ్డకట్టి పక్షవాతం రావచ్చు, వాల్వే బిగుసుకుపోవచ్చు. ఎక్కువైతే రక్తస్రావం. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది. అందుకని గోంగూర, పాలకూర, మునగాకు అసలు ముట్టొద్దని చెప్పేవాళ్ళు వందమంది. డాక్టరు చెప్పింది వేరు: మానక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే అంతగా తినండి, ఒక వారం ఏమీ లేకుండా ఇంకో వారం రోజూ తినొద్దు. మా అమ్మాయి ఒక నోటుబుక్కుకు గళ్ళు గీసి పెట్టింది. తేదీ, పొద్దుటి బరువు, మాత్ర, ఐఎన్‌ఆర్, తిన్న ఆకుకూర. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు, వెంటనే ఫోను చేయాలి.

ఆ పుస్తకమే ఒకసారి ఆదుకుంది. నేను ఊళ్ళో లేనప్పుడు ఆమెకు విరేచనాలు పట్టుకున్నాయి. దగ్గర్లోని మందుల షాపతను ఏం మందులు వాడుతున్నారని అడగకుండానే మెట్రోనిడజోల్ మాత్రలు ఇచ్చి పంపాడు. నాలుగో రోజు పళ్ళు తోముకుంటే చిగుళ్ళనుంచి రక్తం ఆగలేదు. మా అమ్మాయి హాస్టలునుంచే ఫోనులో పుస్తకం పేజీ ఫొటో పెట్టించుకుని, పాతవాటిలో లేని మాత్ర ఏదని అడిగి పట్టుకుంది. పరీక్షలో ఐఎన్‌ఆర్ ఆరు దాటింది. ఆ మందు వార్ఫరిన్ బలాన్ని పెంచేస్తుందట. మాత్ర ఆపించి, మళ్ళీ మళ్ళీ పరీక్ష చేసి, కుదురుకున్నాక మొదలుపెట్టించారు. అప్పటినుంచి ఆమె పర్సులో ఒక కార్డు ఉంటుంది: "లోహపు వాల్వు ఉంది. వార్ఫరిన్ వాడుతున్నాను. కండరానికి ఇంజెక్షన్ వద్దు. నొప్పి మాత్రలు అడగకుండా ఇవ్వొద్దు." నా షాపులోనే ల్యామినేషన్ చేశాను. నడుము నొప్పికి సూది వేస్తానని వచ్చే ఆర్ఎంపీలకు అది చూపిస్తుంది. రుమాటిక్ జ్వరం మళ్ళీ రాకుండా మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్‌ను కూడా, ఈ మందు మీద ఉంది కాబట్టి, డాక్టర్లు మాత్రలుగా మార్చారు.

నడక ఇంట్లో గోడ పట్టుకుని మొదలై, వరండాకు, వీధి చివరకు, చివరికి పానగల్లు ఉదయ సముద్రం చెరువు కట్ట దాకా వచ్చింది. కట్ట మీద గాలి బాగుంటుంది, ఎత్తుపల్లాలు లేవు. ఆదివారాలు ఛాయా సోమేశ్వరాలయం దాకా వెళతాం. లింగం మీద రోజంతా పడే నీడ ఏ స్తంభానిదో తేల్చాలని ఆమెకు పట్టుదల. ఒక్కో స్తంభం దగ్గరా నన్ను నిలబెడుతుంది.

నిశ్శబ్దంగా ఉన్నచోట కొత్త వాల్వు చప్పుడు బయటికి వినిపిస్తుంది, చేతి గడియారం చెవి దగ్గర పెట్టుకున్నట్టు. ఒక పెళ్ళిలో మంత్రాలు ఆగినప్పుడు పక్కన కూర్చున్నావిడ తన గడియారం తీసి చెవికి పెట్టుకుని చూసుకుందట. మా ఆవిడ ఏమీ ఎరగనట్టు అక్షింతలు వేసి వచ్చింది.

మూడు నెలలు దాటాక మిషను ముందు కూర్చుంది. మొదట కత్తిరింపు పోటీ టైలరమ్మది, కుట్టు ఈమెది. బతుకమ్మ గిరాకీ నాటికి ఎవరి గిరాకీ వాళ్ళదే అయింది, ఎడమొహం పెడమొహం కూడా మళ్ళీ మొదలైంది. అది చూసి నాకు నిజంగానే ఇల్లు దారిన పడిందనిపించింది.

మొన్న హాలియానుంచి ఒకాయన, ఎవరి ద్వారానో నంబరు తీసుకుని ఫోను చేశారు. ఆయన భార్యకు వచ్చే నెల ఇదే ఆపరేషన్. ఆరోగ్యశ్రీ, వాల్వు రకం అడుగుతారనుకుని పుస్తకం ముందు పెట్టుకున్నాను. అవన్నీ ఆయనకు తెలుసు. కాసేపు తటపటాయించి, తమకు ఇద్దరూ మగపిల్లలేనని, అమ్మ కూడా లేదని, ఆమెది బారెడు జుట్టని అన్నారు. ఇంకా నెల ఉంది కదా, ఈ రాత్రినుంచే దువ్వెన పట్టమని చెప్పాను. ముందు చిక్కు కిందినుంచి పైకి తీయాలని కూడా చెప్పాను.